గ్రీన్ 60 సెకన్లు చేయమని అడగాలా? అడగొద్దు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మల్కాజిగిరి వైపు మీ కాలనీ రోడ్డు మెయిన్ రోడ్డును కలిసే చౌరస్తాలో మీకు రెడ్ 187 నుంచి లెక్క మొదలవుతుంది, గ్రీన్ 30 సెకన్లే పడుతుంది. ఆ 30ని 60 చేయమని కాలనీ తరఫున ట్రాఫిక్ పోలీసులకు వినతిపత్రం ఇద్దామనుకుంటున్నారు, అందులో ఏం రాయాలి అని అడిగారు. ముందు ఆ వినతిపత్రం ఆపండి. వాళ్లు కాదంటే పర్లేదు, సరేనంటేనే మీకు కష్టం.

ఇరవై ఏళ్లకు పైగా ఈ నగరంలో సిగ్నళ్లకు టైమింగులు వేసే పని చేశాను. "మాకు గ్రీన్ పెంచండి" అని అడగని కాలనీని ఒక్కదాన్నీ చూడలేదు. నాలుగు వైపుల వాళ్లూ అదే అడుగుతారు, నలుగురికీ పెంచుకుంటూ పోతే మీ చౌరస్తాలాగే తయారవుతుంది. మీరు చెప్పిన అంకెల ప్రకారం గ్రీన్ 30, ఆంబర్ (పసుపు లైటు) 3, రెడ్ 187 కలిపి ఒక చుట్టు 220 సెకన్లు. అంటే ఇప్పటికే ఎవరెవరో వచ్చి తలా ఇంత పెంచించుకుని వెళ్లిపోయారు. మీరు మరో 30 కలిపితే 250 అవుతుంది. మీకు రెడ్ తగ్గదు, మెయిన్ రోడ్డు క్యూ మాత్రం ఇంకా వెనక్కి పాకుతుంది.

గ్రీన్ పడగానే ఏం జరుగుతుందో ఒక్కసారి గమనించండి. మొదటి రెండు సెకన్లు ఎవరూ కదలరు, క్లచ్చులు, ఫోన్లు, ఆలోచనలు. ఆ తర్వాత బండ్లు ఒకే వేగంతో ధారలా పోతాయి. లేన్ పద్ధతి పాటించే చోట ఒక్కో లేన్‌లో సుమారు రెండు సెకన్లకో కారు దాటుతుంది. మన దగ్గర లేన్ అంటే రోడ్డు మీద గీసిన గీతే కాబట్టి లేన్లు కాకుండా వెడల్పును బట్టి లెక్క వేస్తాం: స్టాప్ లైన్ దగ్గర మీటరు వెడల్పుకు గంటకు 525 కార్లు. ఇది ఆగకుండా గంటసేపు గ్రీన్ ఉంటే పోగలిగే సంఖ్య. బైకును సగం కారుగా, సిటీ బస్సును దాదాపు మూడు కార్లుగా కడతాం.

మన చౌరస్తాల్లో ఇంకో విశేషం. రెడ్‌లో ఉండగానే బైకులన్నీ కార్ల సందుల్లోంచి జారి ముందుకొచ్చి స్టాప్ లైన్ నిండా, ఒక్కోసారి జీబ్రా క్రాసింగ్ నిండా పరుచుకుంటాయి. గ్రీన్ పడ్డ మొదటి పది, పదిహేను సెకన్లలో ఆ గుంపంతా ఒక్క ఊపులో ఖాళీ అవుతుంది. గ్రీన్ మొత్తం మీద ఎక్కువ పని జరిగేది ఆ కాస్త సేపట్లోనే. తర్వాత కార్లు, ఆ తర్వాత వెనక నుంచి ఒకటీ అరా వస్తున్న బండ్లు. 70, 80 సెకన్ల గ్రీన్ చివర్లో నిలబడి చూస్తే రోడ్డు సగం వెడల్పే వాడుకలో ఉంటుంది. కుడికి తిరిగేవాళ్లు తమ వంతు దొరక్క మధ్యలో ఆగి ఉంటారు, వాళ్ల వెనక నేరుగా పోవాల్సినవాళ్లు ఇరుక్కుని ఉంటారు. కౌంటర్ మీద గ్రీనే, పోతున్న బండ్లు మాత్రం అంతంతే. మిగతా మూడు వైపులా జనం మీ వంక చూస్తూ కూర్చుంటారు.

అయితే చుట్టు వీలైనంత చిన్నది చేస్తే సరిపోతుందా? అదీ కాదు. ఒక వైపు ఆపి ఇంకో వైపు వదిలిన ప్రతిసారీ కొంత కాలం ఎవరికీ పనికిరాకుండా పోతుంది: కదలడానికి పట్టే 2 సెకన్లు, చౌరస్తా మధ్యలో ఉన్న బండి బయటపడటానికి నాలుగు వైపులా రెడ్ ఉంచే 2 సెకన్లు. నాలుగు వైపులూ విడివిడిగా వదిలితే చుట్టుకు 16 సెకన్లు గాలికి పోయినట్టే. 60 సెకన్ల చుట్టులో అది పాతిక శాతం పైన. 220లో 7 శాతం. "చుట్టు పెద్దదైతే నష్టం తక్కువ" అనే వాదన ఇక్కణ్నుంచే వచ్చింది. కానీ 130 నుంచి 220కి వెళ్తే మిగిలేది 5 శాతం, దాని కోసం ప్రతి మనిషీ అదనంగా నిలబడేది 90 సెకన్ల వరకూ.

ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలో 1958లోనే బ్రిటన్ రోడ్డు పరిశోధనశాలకు చెందిన వెబ్‌స్టర్ లెక్క తేల్చాడు. ఇప్పటికీ మన రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పద్ధతికి మూలం అదే. చుట్టులో వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలపాలి. వచ్చినదాన్ని, రోడ్ల రద్దీ నిష్పత్తులన్నీ కూడి ఒకటిలోంచి తీసేస్తే మిగిలేదానితో భాగించాలి. రద్దీ నిష్పత్తి అంటే గంటకు వచ్చే బండ్లను ఆ రోడ్డు గంటకు వదలగలిగే బండ్లతో భాగిస్తే వచ్చేది.

మీరూ మీ తమ్ముడూ మేడ మీద కూర్చుని సాయంత్రం గంటసేపు బండ్లు లెక్కపెట్టామన్నారు చూడండి, నాకు ముచ్చటేసింది. చాలామంది ఇంజనీర్లే ఆ పని ఎగ్గొడతారు. మీ అంకెల్ని కార్లలోకి మార్చి వేస్తున్నాను. మెయిన్ రోడ్డు ఒక వైపు 1400, ఎదురువైపు 1250. స్టాప్ లైన్ దగ్గర 10 మీటర్ల వెడల్పు కాబట్టి వదలగలిగేది 5250. నిష్పత్తులు 0.267, 0.238. మీ ఎదుటి కాలనీ రోడ్డు 430, మీది 350. రెండూ 5.5 మీటర్లే, వదలగలిగేది సుమారు 2890. నిష్పత్తులు 0.149, 0.121. అన్నీ కూడితే 0.775. ఒకటిలోంచి తీసేస్తే 0.225. పైన 16 ఒకటిన్నర రెట్లు 24, దానికి 5 కలిపితే 29. భాగిస్తే 129 సెకన్లు.

మీ దగ్గర నడుస్తున్నది 220. ఆదర్శ చుట్టుకు ముప్పావు వంతు నుంచి ఒకటిన్నర రెట్ల దాకా ఎక్కడున్నా ఆలస్యం పెద్దగా పెరగదని కూడా వెబ్‌స్టరే చూపించాడు, కాబట్టి 129 అంటే 129 అని పట్టుబట్టక్కర్లేదు. 120 పెట్టినా 140 పెట్టినా కొంప మునగదు. 220 మాత్రం ఆ గీత దాటేసింది. మీ రోడ్డు మీద ఒక్కో బండికి సగటు ఆలస్యం ఇప్పుడు 100 సెకన్లు దాటుతోంది, 130 చుట్టులో అది 80 దగ్గరికి వస్తుంది. గమనించారా, అప్పుడు మీ గ్రీన్ 30 కాదు, 17 చిల్లర. గ్రీన్ తగ్గి ఆలస్యం కూడా తగ్గడం కాలనీ మీటింగులో చెప్తే ఎవరూ నమ్మరు. నేను చెప్పి చూశాను. ఒక పెద్దాయన "మీరు ఎవరి తరఫున వచ్చారు?" అని అడిగారు.

ఇంకా కిందికి తేవచ్చు. మీ చౌరస్తాలో నాలుగు రోడ్లనూ ఒకదాని తర్వాత ఒకటి వదులుతున్నారు. హైదరాబాద్‌లో ఇది అలవాటైపోయిన పద్ధతి, అర్థం కావడం తేలిక, ఎదురెదురు గొడవ ఉండదు. కానీ మెయిన్ రోడ్డు మీద మీ లెక్కలో కుడికి తిరిగేవి ఒక వైపు 150, ఇంకో వైపు 130 మాత్రమే. అంత తక్కువ మంది కోసం ఎదురెదురుగా నేరుగా పోగలిగే రెండు వైపులనూ విడగొట్టడం దండగ. స్టాప్ లైన్ దగ్గర 10 మీటర్లలో 3 మీటర్లు కుడి మలుపుకు గీత గీసి కేటాయించి, ముందు రెండు వైపులా నేరుగా పోయేవాళ్లను కలిపి, తర్వాత రెండు వైపులా కుడికి తిరిగేవాళ్లను కలిపి వదిలితే మెయిన్ రోడ్డు నిష్పత్తి 0.505 నుంచి 0.435కి దిగుతుంది. మొత్తం 0.705. మళ్లీ భాగించండి: 98 సెకన్లు. నేనైతే 100 పెడతాను. మెయిన్ నేరుగా 40, కుడి మలుపులు 11, ఎదుటి కాలనీకి 18, మీకు 15, మిగిలిన 16 పైన చెప్పిన వృథా. మీ సగటు ఆలస్యం 60 లోపుకు వస్తుంది. కుడికి తిరిగేవాళ్లు ఇంతకు రెండు మూడు రెట్లు ఉంటే మాత్రం ఈ చిట్కా పనిచేయదు, అప్పుడు ఇప్పుడున్న పద్ధతే మేలు.

లెక్క 14 దగ్గర తేలుతుంటే మీకు 15 ఎందుకన్నానంటే నడిచేవాళ్ల కోసం. మీకు గ్రీన్ ఉన్నప్పుడే మనుషులు మెయిన్ రోడ్డు దాటాలి. సెకనుకు 1.2 మీటర్ల నడకతో 10 మీటర్లకు 8 సెకన్ల పైన, అడుగు వేయడానికి ముందు ఓ 5 సెకన్లు. అంటే డివైడర్ దాకా చేరడానికి 13 సరిపోతుంది, మిగతా సగం ఎదుటి కాలనీ గ్రీన్‌లో దాటాలి. దీనికి డివైడర్ దగ్గర నలుగురు నిలబడే చోటుండాలి. అక్కడ ఫ్లెక్సీ స్తంభమో ఎండిపోయిన పూలకుండీయో ఉంటే ముందు అది తీయించండి. కూరగాయల సంచీతో వచ్చే పెద్దావిడకు 1.2 వేగం ఎక్కువే, ఆమె కోసం 18 ఇచ్చినా నేను అడ్డం చెప్పను.

ఇక లెక్కలో కనపడనిది. కొత్తలో ఒక చౌరస్తాకు ఇలాగే శుభ్రంగా కాగితం మీద 110 సెకన్లు తేల్చి, పెట్టించి, ఇంటికెళ్లి హాయిగా పడుకున్నాను. మర్నాడు సాయంత్రం ఫోను. జామ్ మునుపటికంటే ఎక్కువైందట. వెళ్లి టీ బండి పక్కన నిలబడి చూస్తే సిగ్నల్‌ది తప్పే లేదు. చౌరస్తా దాటగానే ముప్పై అడుగుల్లో బస్టాప్. ఒక సిటీ బస్సు ఆగింది, దాని పక్కనే రెండోది, వాటి ముందు ప్యాసింజర్ల కోసం రెండు షేర్ ఆటోలు. గ్రీన్ పడింది, పోవడానికి ముందు ఖాళీ లేదు. డ్రైవర్లు ఊరుకుంటారా, చౌరస్తా మధ్యలోకొచ్చి ఆగారు. రెడ్ పడింది, అడ్డం రోడ్డుకు గ్రీన్ పడింది, వాళ్లకు దారి లేదు. నేను చుట్టు చిన్నది చేసినందువల్ల ఇదంతా గంటకు ఎక్కువసార్లు జరిగింది, అంతే తేడా. ఆ బస్టాప్‌ను అవతలికి జరిపించడానికి ఉత్తరాల మీద ఉత్తరాలతో నాలుగు నెలలు పట్టింది. జరిపాక అదే 110, ఒక్క సెకను మార్చకుండా, చక్కగా నడిచింది. అప్పట్నుంచి ఏ చౌరస్తాకెళ్లినా ముందు బండ్లు వచ్చే వైపు చూడను, పోయే వైపు చూస్తాను.

మీ దగ్గర ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నల్ కోసం ఆగకుండా ఎడమకు తిరిగే దారి, ఎలా ఉందో రాయలేదు. నేరుగా పోవాల్సిన కారు ఒక్కటి ఎడమ చివర ఆగితే వెనకున్న ముప్పై బైకుల ఫ్రీ లెఫ్ట్ పోయినట్టే. 2022 అక్టోబరులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ అనే డ్రైవ్ మొదలుపెట్టినప్పుడు ఫ్రీ లెఫ్ట్ అడ్డగిస్తే 1000 రూపాయలు, స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు జరిమానా అన్నారు. నాకు జరిమానాల కంటే అక్కడ ప్లాస్టిక్ కడ్డీలు వరుసగా పాతడం మీద నమ్మకం ఎక్కువ.

తర్వాతి సిగ్నల్ సుమారు 400 మీటర్ల దూరంలో ఉందని, ఇక్కడ గ్రీన్‌లో బయల్దేరితే అక్కడ కచ్చితంగా రెడ్ తగులుతుందని రాశారు. అది మీ అదృష్టం తక్కువై కాదు, ఆ రెండు సిగ్నళ్లూ ఒకదానికొకటి తెలియకుండా తిరుగుతున్నాయి. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 400 మీటర్లకు 48 సెకన్లు. రానూపోనూ 96. రెండు చౌరస్తాలకూ చుట్టు 96 పెట్టి, రెండోదాని మెయిన్ గ్రీన్‌ను 48 సెకన్లు వెనకగా మొదలుపెడితే ఇటు వెళ్లేవాళ్లకూ అటు నుంచి వచ్చేవాళ్లకూ గ్రీన్ మీద గ్రీన్ దొరుకుతుంది. సాధారణంగా ఒక వైపు కుదిరితే ఇంకో వైపు చెడుతుంది, మీ దూరం కలిసొచ్చింది. నేను 100 అన్నదాన్ని 96 చేసినా మీ లెక్కకు వచ్చే లోటు లేదు. రెండో చౌరస్తాలో ముందే క్యూ నిలబడి ఉంటే అది కదలడానికి పట్టే సెకన్లు 48లోంచి తీసేయాలి, లేకపోతే మీ గుంపు వెళ్లి దాని తోకకు తగులుతుంది. ఈ గ్రీన్ మీద గ్రీన్ కిలోమీటరు దూరం దాటితే పనిచేయదు, దారిలో బస్సులు, ఆటోలు ఆగి ఆగి గుంపు చెదిరిపోతుంది.

రెండు సిగ్నళ్ల గడియారాలు కలవడం మాత్రం తప్పనిసరి. ఒకప్పుడు మేము ఇలా జత కలిపిన సిగ్నళ్లు వారం తిరక్కుండా విడిపోయేవి. ఒకచోట కరెంటు పోయి వచ్చాక సిగ్నల్‌ను నడిపే పెట్టెలో గడియారం సున్నా నుంచి మొదలై, సాయంత్రం ఆరు గంటల ప్లాన్ అర్ధరాత్రి నడిచింది. కుక్కలు, రెండు లారీలు తప్ప ఎవరూ లేని చౌరస్తాలో 140 సెకన్ల చుట్టు. ఇప్పటి పెట్టెలు జీపీఎస్ నుంచి సమయం తీసుకుంటాయి, ఆ బాధ తగ్గింది.

పోలీసు చేత్తో నడిపించే సిగ్నల్ గురించి కోపంగా రాశారు. బూత్‌లో ఉన్న హోంగార్డును అనడానికి నాకు నోరు రాదు. ఒక పక్క వైర్‌లెస్ సెట్‌లో "మీ వైపు క్యూ ఫలానా చోటిదాకా వచ్చింది, వదలండి" అని అరుస్తుంటారు, ఇంకో పక్క అంబులెన్స్. అతను కళ్ల ముందున్న క్యూ అయిపోయేదాకా వదులుతాడు. న్యాయంగానే ఉంటుంది. కానీ అలా వదిలితే చుట్టు నాలుగైదు నిమిషాలవుతుంది, వదిలిన గుంపంతా వెళ్లి తర్వాతి చౌరస్తా మీద పడుతుంది, అక్కడి హోంగార్డు కూడా చెయ్యి పెట్టాల్సి వస్తుంది. ముందున్న చౌరస్తా నిండిపోయినప్పుడు మాత్రం చేత్తో ఆపడమే సరైన పని, ఏ ఆటోమేటిక్ ప్లానూ అంత తెలివిగా ఆపదు.

"ఏఐ సిగ్నళ్లు పెడితే పోదా?" అని మీ ప్రశ్న కింద ఇంకొకరు అడిగారు. రద్దీని బట్టి మారే సిగ్నళ్లు కొత్తవేం కాదు. సిడ్నీలో స్కాట్స్, బ్రిటన్‌లో స్కూట్ 1970ల నాటివి. మన లేన్ లేని ట్రాఫిక్ కోసం తిరువనంతపురంలోని సీ-డాక్ అనే కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ వాళ్లు కోసికాస్ట్ అనే ఇలాంటి పద్ధతే తయారుచేశారు. గూగుల్ మ్యాప్స్ సమాచారం చూసి టైమింగులు సూచించే గ్రీన్ లైట్ ప్రాజెక్టు 2023 నాటికే పనిచేస్తున్న నగరాల్లో హైదరాబాద్ ఉంది. అందులోనూ మార్పు చేసేది ఇక్కడి అధికారులే. రద్దీ ఒక వైపు ఎక్కువ, ఒక వైపు తక్కువగా మారుతుండే చోట ఇవి బాగా పనికొస్తాయి. నాలుగు వైపులూ నిండిపోయాక పంచడానికి ఏమీ ఉండదు, ఎంత తెలివైన పెట్టె అయినా అంతే. ఒక చిన్న చిక్కు కూడా ఉంది: సెకను సెకనుకు నిర్ణయం మారే సిగ్నల్ మీకు 187, 186 అని ముందే లెక్క చూపించలేదు. మనవాళ్లకు ఆ అంకె లేకపోతే ప్రాణం ఆగదు, ఇంజన్ ఆపేది కూడా దాన్ని చూసే.

యూ-టర్న్ పెట్టి చౌరస్తా మూసేయమని మీ పక్కింటాయన సలహా మీ చౌరస్తాకు వద్దు. కుడి మలుపులు విపరీతంగా ఉన్నచోట అది ఊరటే. మీకు ఉన్నవే తక్కువ, పైగా మూసేశాక మెయిన్ రోడ్డు ధార ఎప్పటికీ ఆగదు, స్కూలు పిల్లలు రోడ్డు దాటాల్సింది దేవుడి దయ మీద.

ఇప్పుడు చేయాల్సింది. వరుసగా పది చుట్లు, ఒక్కో రోడ్డుకు రెండు సంగతులు రాయండి: గ్రీన్ పడ్డ క్షణంలో నిలబడి ఉన్న చివరి బండి ఎన్నో సెకనుకు స్టాప్ లైన్ దాటింది, ఆ సమయంలో చౌరస్తా అవతల దారి ఖాళీగా ఉందా లేదా. మెయిన్ రోడ్డు మీద 40, 50 సెకన్లకే క్యూ అయిపోయి గ్రీన్ ఇంకా వెలుగుతుంటే మీ వాదన అక్కడే ఉంది. అవతల దారి మూసుకుపోతుంటే సిగ్నల్ సంగతి తర్వాత, ముందు బస్టాప్, బండ్ల సంగతి. ఈ కాగితంతో మీ ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి ఇద్దరు ముగ్గురు వెళ్లండి, యాభై మంది వద్దు. "గ్రీన్ పెంచండి" అనకుండా "చుట్టు 220 నుంచి 130కి తగ్గించి రెండు వారాలు చూడండి" అనండి. దానికి రోడ్డు మీద ఒక్క గీత కూడా మార్చక్కర్లేదు, కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అది కుదిరాకే కుడి మలుపు గీతలు, 96 సెకన్ల జత అడగండి. పొద్దున లెక్క వేరు, సాయంత్రం లెక్క వేరు, రెండూ కలిపి సగటు తీయకండి. శుక్రవారం సాయంత్రం తీసిన అంకెలు పక్కన పెట్టి మంగళ, బుధవారాలవి చూపించండి.